టైమ్‌లైన్‌లో రిపీటైన షాట్‌ను సాఫ్ట్‌వేర్ ఎందుకు వదిలేస్తుంది?

ఎడిటింగ్ చేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: టైమ్‌లైన్‌లో, అంటే షాట్ల ముక్కలను వరుసగా పేర్చే చోట, ఒకే షాట్ రెండుసార్లు పడిందో లేదో తెలుసుకోవాలంటే ఏ బటన్ నొక్కాలి? బటన్ ఉంది, పెద్ద సాఫ్ట్‌వేర్లు అన్నింట్లోనూ ఉంది. ప్రీమియర్ ప్రోలో టైమ్‌లైన్ మీదున్న స్పానర్ గుర్తు నొక్కి ‘షో డూప్లికేట్ ఫ్రేమ్ మార్కర్స్’ ఆన్ చేస్తే చాలు. డావిన్సీ రిజాల్వ్‌లో వ్యూ మెనూలో ‘షో డూప్లికేట్ ఫ్రేమ్స్’ ఉంటుంది, ఆవిడ్‌లో ‘డూప్ డిటెక్షన్’ అంటారు, ఫైనల్ కట్ ప్రోలో కూడా 2022లో ఇలాంటిది వచ్చింది. ఆన్ చేయగానే రిపీటైన చోట క్లిప్ మీద గీతో గుర్తో పడుతుంది. గీతల్లేవు కాబట్టి రిపీట్లు లేవనుకుని చాలామంది ఎక్స్‌పోర్ట్ కొట్టేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే మనం అడిగేది ఒకటి, ఆ బటన్ జవాబు చెప్పేది ఇంకొకదానికి.

సాఫ్ట్‌వేర్ ఇక్కడ బొమ్మను చూడదు. టైమ్‌లైన్ మీద మీరు పెట్టిన ప్రతి ముక్కకూ అది ప్రధానంగా మూడు సంగతులు గుర్తుపెట్టుకుంటుంది: ఏ ఫైల్ నుంచి తీశారు, ఆ ఫైల్‌లో ఏ టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే టైమ్ నంబర్) దగ్గర మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు. మార్కర్లు ఆన్ చేసినప్పుడు అది చేసేదల్లా ఒకే ఫైల్ నుంచి వచ్చిన ముక్కలన్నీ పక్కన పెట్టుకుని, ఒకదాని హద్దులు ఇంకోదాని హద్దుల్లోకి వెళ్లాయా అని లెక్క చూడడం. అందుకే గంటన్నర టైమ్‌లైన్‌కైనా గీతలు చిటికెలో వచ్చేస్తాయి. ఆ ఫ్రేముల్లో మనిషి ఉన్నాడా, చెట్టుందా, నల్ల తెరే ఉందా అన్నది దానికి పట్టదు.

ఈ లెక్క కంప్యూటర్లతో పుట్టింది కాదు, ఫిల్మ్ నెగెటివ్ రోజుల నుంచి వచ్చింది. అప్పట్లో ఎడిటర్ రష్ ప్రింట్ (నెగెటివ్ నుంచి తీసిన పని కాపీ) మీద కోసి అతికేవారు, అంతా ఖాయమయ్యాక నెగెటివ్ కట్టర్ ఫిల్మ్ అంచున ఉన్న నంబర్లు చూసుకుంటూ అసలు నెగెటివ్‌ను కోసేవారు. మామూలు 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు, అడుగడుగుకూ ఒక ఎడ్జ్ నంబర్. ఆ నంబర్లను మెషీన్‌తో చదవగలిగేలా బార్‌కోడ్ రూపంలో కోడక్ 1990లో కీకోడ్ తెచ్చింది. నెగెటివ్ అనేది ఒక్కటే ఉంటుంది. మూడో రీల్‌లో కోసి వాడేసిన ఫ్రేమ్ తొమ్మిదో రీల్‌కు దొరకదు, కావాలంటే ల్యాబ్‌లో డూప్ నెగెటివ్ (నెగెటివ్‌కు నకలు) తీయించాలి, దానికి డబ్బూ టైమూ ఖర్చవుతాయి, బొమ్మ నాణ్యత కూడా కొంత తగ్గుతుంది. పైగా అతుకు వేసేచోట కట్‌కు ఆనుకుని ఉన్న ఫ్రేమ్ పాడవుతుంది కాబట్టి పక్కపక్క ఫ్రేములను కూడా రెండు వేర్వేరు చోట్ల వాడడం కుదిరేది కాదు. ఆవిడ్ డూప్ డిటెక్షన్‌లో ‘హ్యాండిల్స్’ అనే సెట్టింగ్ ఇప్పటికీ ఉండడానికి కారణం ఇదే, కట్‌కు అటూ ఇటూ ఇన్ని ఫ్రేములు కలుపుకుని చూడమని చెప్పడానికి. అంటే ఈ పరికరం పుట్టిందే ‘నెగెటివ్ సరిపోతుందా’ అన్న ప్రశ్న కోసం. ‘చూసేవాళ్లకు తెలిసిపోతుందా’ అన్నది దాని ప్రశ్న ఎప్పుడూ కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి కదా, దాని మీద 40 నిమిషాల డాక్యుమెంటరీ కడుతున్నారనుకోండి. పడవలో తిరిగిన కెమెరామన్ రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజీ) కొన్ని, డ్రోన్ షాట్లు కొన్ని, మిగతాదంతా అక్కడివాళ్లు ఫోన్లలో తీసి వాట్సాప్‌లో పంపిన వీడియోలు. రషెస్‌లో ఒక మంచి టేక్ ఉంది: మొదటి అంతస్తు పిట్టగోడ దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ కిందికి వంగి, పడవలోంచి చాచిన చేతిలో నీళ్ల సీసా అందుకుంటుంది, పైట చెంగుతో మొహం తుడుచుకుని ఇంట్లోకి చూస్తుంది. సహాయ చర్యల గురించి చెప్పేచోట ఆ టేక్‌ను 14:22:10 నుంచి 14:25:00 దాకా (నిమిషం, సెకను, ఫ్రేమ్ వరుసలో) వాడారు. ఇరవై నిమిషాల తర్వాత వాయిస్ ఓవర్ కింద విజువల్ తక్కువై, అదే టేక్‌లో చివరి భాగం, 14:24:15 నుంచి 14:27:05 దాకా వేశారు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన రెండింటికీ ఉమ్మడిగా పది ఫ్రేములు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఆ పది ఫ్రేములకే గీత వేస్తుంది.

ఇప్పుడు ఆ గీత మీకు కనిపిస్తుందా చూడండి. 40 నిమిషాలంటే 60,000 ఫ్రేములు. మామూలు హెచ్‌డీ మానిటర్ వెడల్పు 1920 పిక్సెళ్లు, టైమ్‌లైన్ మొత్తాన్ని ఒక్క చూపులో పెట్టుకుంటే ఒక్కో పిక్సెల్‌లోకి 31 ఫ్రేములు ఇరుకుతాయి. పది ఫ్రేములంటే పిక్సెల్‌లో మూడో వంతు. గీత ఉన్నా కంటికి ఆనదు. కాబట్టి మార్కర్లు చూసేటప్పుడు టైమ్‌లైన్‌ను రెండు మూడు నిమిషాల ముక్క స్క్రీన్ నిండేంత జూమ్ చేసి మొదటి నుంచి చివరి దాకా జరుపుకుంటూ వెళ్లాలి, విసుగే అయినా వేరే దారి లేదు. రంగులనూ మరీ నమ్ముకోకండి, ప్రీమియర్‌లో పది రంగులే ఉంటాయి, అంతకు మించితే పదో రంగే మళ్లీ మళ్లీ వాడుతుంది, కాబట్టి రెండు చోట్ల ఒకే రంగు ఉన్నంత మాత్రాన అవి ఒకదానికొకటి జత అని కాదు.

ఇంకా పెద్ద సంగతి ఏమిటంటే, ఆ రెండో ముక్కను టేక్‌లో ఇంకో పది ఫ్రేముల తర్వాత నుంచి మొదలుపెడితే గీత పూర్తిగా పోతుంది. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఇక రిపీట్ లేదు. కానీ చూసేవాళ్లకు అదే పిట్టగోడ, అదే పెద్దావిడ, అదే చీర, అదే పైట చెంగు. రిపీటే. నేను చూసిన టైమ్‌లైన్లలో అసలు ఇబ్బంది పెట్టే రిపీట్లలో ఎక్కువ ఈ బాపతువే, ఎందుకంటే ఒకే ఫ్రేములను మళ్లీ వేయకూడదని అందరికీ తెలుసు, టేక్‌లో మిగిలిన తోక వాడుకుంటే తప్పు లేదని కూడా అందరూ అనుకుంటారు.

ఇలాంటివి పట్టుకోవడానికి పాత పద్ధతే బాగా పనిచేస్తుంది: ఈడీఎల్ (ఎడిట్ డెసిషన్ లిస్ట్, అంటే కట్ల జాబితా) తీయడం. సీఎంఎక్స్ 3600 అనే ఫార్మాట్‌లో తీసిన ఈడీఎల్ అంటే మామూలు టెక్స్ట్ ఫైల్, ప్రతి కట్‌కూ ఒక వరుస, ఆ వరుసలో సోర్స్ పేరు, సోర్స్‌లో మొదలు, సోర్స్‌లో చివర, టైమ్‌లైన్‌లో మొదలు, టైమ్‌లైన్‌లో చివర. దాన్ని ఎక్సెల్‌లో తెరిచి, ముందు సోర్స్ పేరు మీద, తర్వాత సోర్స్‌లో మొదలు మీద సార్ట్ చేయండి. ఒకే టేక్ నుంచి వచ్చిన ముక్కలన్నీ ఒక దగ్గరికి చేరతాయి. కింది వరుస మొదలు పై వరుస చివర కంటే ముందుంటే ఫ్రేములు రిపీటైనట్టే. సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే, కాకపోతే ఇక్కడ మీరు ఇంకొంచెం అడగొచ్చు: రెండింటి మధ్య తేడా మూడు సెకన్ల కంటే తక్కువున్న వరుసలన్నీ చూపించు అనొచ్చు. పెద్దావిడ షాట్ అప్పుడు తప్పించుకోలేదు. అయితే ఈడీఎల్‌లో సాధారణంగా ఒక్క వీడియో ట్రాకే వస్తుంది, కాబట్టి పై ట్రాకుల్లో వేసిన కట్ షాట్స్ కోసం విడిగా తీయాలి. పేర్లతోనూ తంటాలుంటాయి. పాత పద్ధతి ఈడీఎల్‌లో రీల్ పేరుకు ఎనిమిది అక్షరాలే చోటు, ఫోన్ ఫైళ్ల పేర్లు అంతకంటే చాలా పొడుగు, మొదటి ఎనిమిది ఒకేలా ఉంటే వేర్వేరు ఫైళ్లు ఒకటే అయిపోతాయి. సోనీ కెమెరాలు కొత్త కార్డు వేసినప్పుడు క్లిప్ నంబర్ మళ్లీ సీ0001 నుంచి మొదలుపెట్టేలా సెట్ చేసి ఉండొచ్చు, రెండు కెమెరాలతో తీస్తే రెండు సీ0012లు చేతిలో ఉంటాయి. షూట్ నుంచి రాగానే, టైమ్‌లైన్ జోలికి వెళ్లకముందే, కెమెరా పేరూ తేదీ కలిపి ఫైళ్లకు పేర్లు మార్చుకునే అలవాటుంటే ఈ తలనొప్పి ఉండదు.

రిజాల్వ్ వాడేవాళ్లకు ఇంకా హాయైన దారి ఉంది, దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. కలర్ పేజీలో థంబ్‌నెయిల్స్ వరుసను ‘సీ మోడ్’లోకి మారిస్తే కట్లు టైమ్‌లైన్ క్రమంలో కాకుండా సోర్స్ క్రమంలో వస్తాయి. కలరిస్టులకు ఒకే టేక్‌లోని ముక్కలన్నింటికీ ఒకేసారి కలర్ చేసుకునే వీలు కోసం పెట్టిన సదుపాయం అది. రిపీట్లు వెతకడానికి కూడా అంతే బాగా పనికొస్తుంది, లైట్‌బాక్స్ (థంబ్‌నెయిల్స్ అన్నీ స్క్రీన్ నిండా చూపించేది) తెరిస్తే ఒకే టేక్ బొమ్మలు పక్కపక్కనే నిలబడతాయి, అంకెలు చూడాల్సిన పని లేకుండా కన్నే చెప్పేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఒకే ఫైల్ సంగతి. వాట్సాప్ వీడియోల దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. వరద రోజుల్లో ఎవరో ఒకరు తీసిన వీడియో, అంటే రోడ్డు మీద నడుము లోతు నీళ్లలో ఒకాయన నెత్తిన గ్యాస్ సిలిండర్ పెట్టుకుని నడుస్తున్న వీడియో అనుకోండి, మీకు నలుగురు పంపుతారు. ఒకరు నేరుగా, ఒకరు గ్రూపులోంచి ఫార్వర్డ్ చేసి, ఒకరు స్టేటస్‌లో పెట్టడానికి కోసి, ఇంకొకరు పైన తమ పేరు వేసుకుని. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ వీడియో ఫైల్ పేరులో తేదీ ఉంటుంది గానీ అది ఆ ఫోన్‌కు చేరిన తేదీ, తీసిన తేదీ కాదు. అసలు ఎక్కడ, ఎప్పుడు తీశారన్న మెటాడేటా వాట్సాప్‌లో దాటేసరికి పోతుంది. నాలుగు ఫైళ్లు, నాలుగు పేర్లు, నాలుగు సైజులు, అన్నింటి టైమ్‌కోడూ సున్నా నుంచే. సాఫ్ట్‌వేర్‌కు ఇవి నాలుగు వేర్వేరు క్లిప్‌లు, గీత పడే మార్గమే లేదు.

ఇక్కడ బొమ్మను చూసే పద్ధతి కావాలి. ఎండీ5 లాంటి చెక్‌సమ్ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే ఒక అంకె) సరిపోతుందని కొందరు అనుకుంటారు, అది ఫైల్‌లో ఒక్క బిట్ మారినా పూర్తిగా వేరే అంకె ఇస్తుంది. హార్డ్‌డిస్క్‌లోకి అదే ఫైల్ రెండుసార్లు కాపీ అయిందా అని చూడ్డానికి అది చక్కగా పనిచేస్తుంది, కంప్రెస్ అయి వచ్చిన వీడియో దగ్గర చేతులెత్తేస్తుంది. దానికి బదులు పర్సెప్చువల్ హ్యాష్ అనే పద్ధతి ఉంది, ఫైల్‌కు కాకుండా బొమ్మ రూపానికి ఒక అంకె ఇస్తుంది. అందులో తేలిగ్గా అర్థమయ్యేది డీహ్యాష్. ఫ్రేమ్‌ను తీసుకుని రంగులు తీసేసి, 9 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తుకు కుదించేస్తారు. సిలిండర్ మోసే ఆయన అప్పుడు నాలుగైదు బూడిద రంగు గళ్లు మాత్రమే. తర్వాత ప్రతి వరుసలోనూ పక్కపక్క గళ్లను పోల్చి, ఎడమది కుడిదాని కంటే వెలుతురుగా ఉంటే 1, లేకపోతే 0 అని రాస్తారు. వరుసకు ఎనిమిది పోలికలు, ఎనిమిది వరుసలు, మొత్తం 64 బిట్లు. ఇంకో ఫ్రేమ్‌కూ ఇలాగే చేసి, రెండింటిలో ఎన్ని బిట్లు తేడా ఉన్నాయో లెక్కిస్తారు. ఒకే బొమ్మకు కంప్రెస్ అయిన కాపీ అయితే తేడా సున్నానో, ఏ నాలుగైదో ఉంటుంది, సంబంధం లేని బొమ్మలైతే ముప్పై దరిదాపుల్లో ఉంటుంది. బొమ్మ చిన్నదైనా మసకబారినా వెలుతురు మారినా ఎడమ కుడి సంబంధం పెద్దగా చెడదు, అందుకే ఇది నిలబడుతుంది. ఫేస్‌బుక్ 2019లో అందరికీ ఇచ్చిన పీడీక్యూ, వీడియోల కోసం ఇచ్చిన టీఎంకే, రెండూ ఈ కుటుంబంలోవే, వాటి లెక్క ఇంకా గట్టిది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లో ‘సిగ్నేచర్’ అనే ఫిల్టర్ కూడా రెండు వీడియోల్లో ఉమ్మడి భాగం ఉందా అని వెతికి పెడుతుంది.

దీనికీ కళ్లు మూసుకుపోయే చోట్లున్నాయి. బొమ్మను అద్దంలోలా తిప్పేస్తే ఎడమ కుడి తారుమారై హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. కాపీరైట్ తప్పించుకోవడానికి కొందరు ఇలా తిప్పే వేస్తారు కాబట్టి ప్రతి ఫ్రేమ్‌నూ తిప్పి ఇంకోసారి కూడా పోల్చాలి. నిలువు ఫోన్ వీడియోను అడ్డంగా కోస్తే సగం బొమ్మ పోయి లెక్క తప్పుతుంది. రెండో వైపు, రిపీట్ కానిదాన్ని రిపీట్ అనడం కూడా మామూలే: ఫేడ్ అయి నల్లగా మారిన ఫ్రేములన్నీ ఒకటే, ఆకాశం నుంచి తీసిన బురద నీళ్లన్నీ ఒకటే, ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టిన కెమెరా అయితే గంటసేపూ ఒకటే. పెళ్లి వీడియోల్లో ఇది మరీ ఎక్కువ. మండపం ఎదురుగా నిలబెట్టిన వైడ్ కెమెరాలో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా హ్యాష్ పెద్దగా కదలదు. కాబట్టి ఒక్క ఫ్రేమ్‌తో తీర్పు చెప్పకుండా, వరుసగా ఓ రెండు మూడు సెకన్ల ఫ్రేములు అదే క్రమంలో కలుస్తున్నాయా అని చూడాలి.

మార్కర్ల వైపు కూడా కొన్ని గుంటలు గుర్తుంచుకోవాలి. ప్రీమియర్‌లో ఫొటోలకూ, టైమ్ రీమ్యాపింగ్ చేసిన (మధ్యలో వేగం మార్చిన) క్లిప్‌లకూ డూప్లికేట్ మార్కర్ పడదు. ఒకే పేపర్ క్లిప్పింగ్ మూడుసార్లు వేసినా కిక్కురుమనదు. నెస్ట్ చేసిన సీక్వెన్స్ (ఒక టైమ్‌లైన్‌లో క్లిప్‌లా పెట్టిన ఇంకో టైమ్‌లైన్) లోపల ఏముందో బయటి టైమ్‌లైన్ చూడదు. సినిమాను భాగాలుగా వేర్వేరు సీక్వెన్సుల్లో కడుతుంటే ఒకదాన్ని ఇంకోదానితో పోల్చదు, చెక్ చేసేరోజు అన్నీ ఒకే పెద్ద సీక్వెన్స్‌లోకి కాపీ చేసుకోవాలి, లేదా ప్రాజెక్ట్ ప్యానెల్‌లో ‘వీడియో యూసేజ్’ కాలమ్ చూడాలి, అక్కడి అంకె మీద నొక్కితే ఆ క్లిప్ ఏ సీక్వెన్స్‌లో ఎక్కడెక్కడ ఉందో చెబుతుంది. అనవసరంగా భయపెట్టే గీతలూ ఉంటాయి. నిలువు వీడియోకు అటూ ఇటూ ఖాళీ నింపడానికి అదే క్లిప్‌ను కింది ట్రాకులో పెద్దది చేసి బ్లర్ చేస్తాం కదా, ట్రాకులన్నీ కలిపి చూసే సాఫ్ట్‌వేర్‌లో అలాంటి ప్రతి చోటా గీత పడుతుంది. వాట్సాప్ వీడియోలు ఎక్కువున్న డాక్యుమెంటరీలో ఇలాంటి గీతల మధ్య అసలు రిపీట్ మరుగున పడిపోతుంది, కాబట్టి చెక్ చేసేటప్పుడు ఆ బ్లర్ ట్రాకును కాపీ సీక్వెన్స్‌లోంచి తీసేయడం మేలు.

ఇంకో రకం రిపీట్ గురించి రెండు మాటలు, ఎందుకంటే దీన్నీ అదే పేరుతో పిలుస్తారు. సెకనుకు 24 ఫ్రేముల వీడియోను 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేస్తే సెకనుకో ఫ్రేమ్, 30లో వేస్తే ప్రతి నాలుగో ఫ్రేమ్ రెండుసార్లు పడుతుంది, కెమెరా పాన్ చేసేటప్పుడు చిన్న కుదుపులా తెలుస్తుంది. ఇది ఎడిటర్ చేసిన రిపీట్ కాదు, ఫ్రేమ్ రేట్ కలవకపోవడం. దీనికి మార్కర్లతో పని లేదు, క్లిప్ ప్రాపర్టీస్ చూస్తే సరిపోతుంది.

ఇంతకీ చూసేవాళ్లకు నిజంగా తెలుస్తుందా? తెలుస్తుంది. లయనెల్ స్టాండింగ్ అనే సైకాలజిస్టు 1973లో ప్రచురించిన ప్రయోగంలో మనుషులకు 10,000 బొమ్మలు ఒక్కోటీ కొద్ది సెకన్లపాటు చూపించి, తర్వాత చూసినదాన్నీ చూడనిదాన్నీ పక్కపక్కన పెట్టి అడిగితే ఐదింట నాలుగుకు పైగా సరిగ్గా చెప్పారు. బొమ్మ విషయంలో మనిషి జ్ఞాపకం అంత గట్టిది. మొహం, చెయ్యి కదలిక, చీర రంగు ఉన్న షాట్ ఇరవై నిమిషాల తర్వాత వచ్చినా ఇట్టే దొరికిపోతుంది, నీళ్ల మీద డ్రోన్ షాట్ రెండుసార్లు వేసినా చాలామంది గమనించరు. ఎడిటర్‌కు మాత్రం కనిపించదు, అదే షాట్‌ను కొన్ని వందల సార్లు వెనక్కీ ముందుకూ తిప్పి చూసి ఉంటారు కాబట్టి అంతా చూసినట్టే ఉంటుంది. అందుకే ఆ డాక్యుమెంటరీ అసలు చూడని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, సౌండ్ ఆపేసి మొత్తం నడిపించండి. వాయిస్ ఓవర్ ఉంటే మనసు మాట మీదకు పోతుంది, సౌండ్ లేకపోతే కన్ను బొమ్మనే పట్టుకుంటుంది.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు ఉండడానికి కారణం అందం ఒక్కటే కాదు. పెళ్లి వీడియోలో మేనత్త నవ్వు రెండుసార్లు వస్తే ఇంట్లోవాళ్లు నవ్వుకుని ఊరుకుంటారు. వరద డాక్యుమెంటరీలో ఒక కాలనీ గురించి చెప్పేటప్పుడు వేసిన వీధినే ఇంకో కాలనీ పేరు చెబుతున్నప్పుడు వేస్తే, అక్కడ అబద్ధం చెప్పినట్టు అవుతుంది, వాయిస్ ఓవర్‌లో ప్రతి మాటా నిజమే అయినా సరే. ఆ వీధిలోవాళ్లు తమ ఇంటిని గుర్తుపడతారు, ఇక మిగతా సినిమాలో దేన్నీ నమ్మరు. పది సెకన్ల గుంపు విజువల్‌ను ఐదు నిమిషాల చర్చ కింద తిప్పి తిప్పి వేస్తే గుంపు ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. టీవీల్లో పాత విజువల్ మీద ‘ఫైల్ విజువల్స్’ అని వేయడం ఈ కారణంతోనే మొదలైన మంచి పద్ధతి, డాక్యుమెంటరీలు కట్టేవాళ్లు కూడా అది పాటించాలి.

అందుకని వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వీడియోనూ బిన్‌లోకి (ప్రాజెక్ట్‌లో క్లిప్‌లు పెట్టుకునే ఫోల్డర్‌లోకి) తీసుకునేముందే హ్యాష్‌తో ఒకసారి జల్లెడ పట్టి, ఒకే వీడియోకు ఉన్న కాపీల్లో అన్నింటికంటే శుభ్రమైనది ఒక్కటే ఉంచుకుని, దాని పేరులో ఎవరు పంపారు, ఏ వీధి అన్నది రాసుకోండి. వీధి తెలియకపోతే పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. పిక్చర్ లాక్ (ఇక కట్లు మార్చొద్దనుకున్న దశ) అయ్యాక మార్కర్లూ, ఈడీఎల్ సార్టూ ఒకసారి నడపండి. లాక్ తర్వాత నిర్మాతో, ఛానెల్‌వాళ్లో మార్పులు చెబితే, ఆ మార్పులు వేశాక మళ్లీ నడపండి, ఎందుకంటే కోసిన సీన్ ఖాళీ పూడ్చడానికి చేతికి అందే మొదటి షాట్ సాధారణంగా ఇంకెక్కడో వాడేసినదే అయి ఉంటుంది.